డైవింగ్‌కు ముందూ తర్వాతా ముక్కులో బ్యాక్టీరియా: చిన్న అధ్యయనం ఎలా చేయాలి

ఆరోగ్యంగా ఉన్న మనిషి ముక్కులో కూడా, ముందువైపు వెంట్రుకలు మొలిచే చోట, బ్యాక్టీరియా దండిగా ఉంటుంది. స్టఫైలోకోకస్ ఎపిడెర్మిడిస్, కొరినిబ్యాక్టీరియం, క్యూటిబ్యాక్టీరియం యాక్నెస్ దాదాపు అందరిలోనూ కనిపిస్తాయి. పదిమందిలో ఇద్దరు ముగ్గురికి స్టఫైలోకోకస్ ఆరియస్ కూడా ఉంటుంది. సెగ్గడ్డలకూ, ఆపరేషన్ గాయాల్లో చీముకూ తరచుగా కారణమయ్యేది ఇదే. స్కూబా డైవింగ్‌కు వెళ్లి అరగంటో ముప్పావుగంటో నీళ్లలో గడిపి వచ్చాక ఈ జనాభా తగ్గుతుందా, కొత్తవి చేరతాయా, ఎన్నాళ్లకు మామూలు స్థితికి వస్తుంది? మామూలు మైక్రోబయాలజీ ల్యాబ్ ఉన్న కాలేజీలో ఎమ్మెస్సీ విద్యార్థులు ఒక సెమిస్టర్‌లో జవాబు రాబట్టగల ప్రశ్న ఇది. విశాఖపట్నంలో రుషికొండ దగ్గరే డైవింగ్ జరుగుతుంది కాబట్టి అక్కడివాళ్లకు మరీ వీలు. కింద చెప్పిన పద్ధతి ఆ తీరాన్ని దృష్టిలో పెట్టుకుని రాసిందే. అండమాన్‌లోనైనా, మురుడేశ్వర్ దగ్గరి నేత్రాణిలోనైనా పెద్ద తేడా ఉండదు.

ఒక మాట ముందే చెప్పాలి. ఈ పనిలో ప్లేట్లు పోయడం (బ్యాక్టీరియా పెరిగే అగార్ అనే మేతను పళ్లేల్లో పోయడం), వాటి మీద వచ్చే కాలనీలు, అంటే బ్యాక్టీరియా చుక్కలు, లెక్కపెట్టడం తేలిక. చాలా అధ్యయనాలు చెడిపోయేది పోలిక గుంపు సరిగా పెట్టుకోకపోవడం వల్ల. ఖరీదైన సీక్వెన్సింగ్‌కు (డీఎన్‌ఏ చదివించడానికి) డబ్బు కూడబెట్టేకంటే ఆ శ్రమ గుంపుల మీద పెట్టండి.

1. నీళ్లలో ముక్కుకు ఏమేం జరుగుతుందో విడగొట్టుకోండి

"డైవింగ్ ప్రభావం" అనేది ఒకే విషయంలా వినిపిస్తుంది కానీ అందులో కనీసం ఐదు వేర్వేరు సంగతులున్నాయి.

మొదటిది ఉప్పునీరు. సముద్రపు నీటిలో ఉప్పు సుమారు 3.5 శాతం, మన శరీర ద్రవాల్లో 0.9 శాతం. మాస్క్‌లోకి నీళ్లొచ్చి ముక్కుకు తగలగానే లోపొర నుంచి నీరు బయటికి లాగేస్తుంది, చీమిడి ధారగా కారుతుంది. దానితోపాటు బ్యాక్టీరియా కూడా కొట్టుకుపోతుంది. ఇది కడగడమే తప్ప చంపడం కాదు. స్టఫైలోకోకస్‌ను ల్యాబ్‌లో వేరు చేయడానికి వాడే మ్యానిటాల్ సాల్ట్ అగార్‌లో ఉప్పు 7.5 శాతం, అందులోనే హాయిగా పెరిగే జీవిని సముద్రపు ఉప్పు చంపుతుందని అనుకోవడానికి లేదు.

రెండోది ముక్కు నొక్కి గాలి ఊదడం. చెవులు తెరుచుకోవడానికి డైవర్లు దిగేటప్పుడు ప్రతి మీటరుకూ దాదాపు ఒకసారి ఈ పని చేస్తారు. వేళ్లు మాస్క్ సిలికాన్‌ను నొక్కితే ఆ సిలికాన్ ముక్కును రుద్దుతుంది. లోపలి శ్లేష్మం కూడా కదులుతుంది.

మూడోది మాస్క్. డైవర్ గాలి పీల్చేది నోటితో. ముక్కు మాత్రం సిలికాన్ సంచిలో, వెచ్చగా తడిగా, కదలని గాలిలో ఉండిపోతుంది. అద్దె మాస్క్ అయితే అంతకుముందు వాడినవాళ్ల బ్యాక్టీరియా అందులో ఉండొచ్చు.

నాలుగోది సముద్రంలోని బ్యాక్టీరియా. వెచ్చని తీరజలాల్లో విబ్రియో జాతులు సహజంగానే ఉంటాయి. వాన పడ్డాక విశాఖ గెడ్డల్లోంచి (వాగుల్లోంచి) మురుగు కలిస్తే పేగు బ్యాక్టీరియా కూడా వస్తుంది.

ఐదోది పీడనం. అందరూ మొదట దీన్నే అనుమానిస్తారు. 12 మీటర్ల లోతులో మొత్తం పీడనం సుమారు 2.2 బార్. మామూలు బ్యాక్టీరియా పెరుగుదల ఆగాలంటే వందల బార్లు కావాలి. అందుకని పీడనం నేరుగా బ్యాక్టీరియాను దెబ్బతీస్తుందని రాయకండి. అది పనిచేసేది మనిషి మీద: పొర వాచడం, చిన్న రక్తనాళం చిట్లడం, సైనస్ మూసుకుపోవడం. ఆ మార్పుల ద్వారా బ్యాక్టీరియా మీద ప్రభావం ఉండొచ్చు.

2. నాలుగు గుంపులు పెట్టండి

ఈ ఐదింటినీ విడదీసేది గుంపులే.

అ) స్కూబా డైవ్ చేసేవాళ్లు.
ఆ) అదే రోజు, అదే పడవలో వెళ్లి నీళ్లలోకి దిగనివాళ్లు.
ఇ) అదే చోట మాస్క్, స్నార్కెల్ పెట్టుకుని పైపైనే ఈదేవాళ్లు.
ఈ) ఒడ్డునే ఉండి, స్టెరైల్ ఉప్పునీటితో ముక్కు కడిగించుకునేవాళ్లు.

రెండో గుంపు లేకుండా అధ్యయనమే లేదు. స్వాబ్ (కొనకు మెత్తటి పోగులున్న పుల్ల)తో నమూనా తీయడం కూడా ముక్కులోంచి బ్యాక్టీరియాను తీసేయడమే కదా. పొద్దున ఒకసారి స్వాబ్ తీసి, రెండు గంటల తర్వాత మళ్లీ అదే చోట తీస్తే ఎవరికైనా అంకె తగ్గవచ్చు. ఎండ, గాలి, వాంతి వచ్చినప్పుడు ముఖం కడుక్కోవడం, ముక్కు తుడుచుకోవడం పడవలో ఉన్న అందరికీ ఒకటే. ఈ తగ్గుదలను తీసేస్తేగానీ డైవింగ్ వాటా తెలియదు.

మూడో గుంపు లోతును విడదీస్తుంది: మాస్క్ ఉంది, సముద్రం ఉంది, పీడనం లేదు. నాలుగో గుంపు కడగడాన్ని విడదీస్తుంది. దీనికి ఆస్పత్రుల్లో వాడే 3 శాతం సోడియం క్లోరైడ్ స్టెరైల్ సీసా తీసుకోండి. సూది లేని సిరంజితో ఒక్కో రంధ్రంలోకి 20 మిల్లీలీటర్లు, తల ముందుకు వంచి, నోటితో గాలి పీలుస్తూ పోయించుకోవాలి. కాస్త మండుతుంది, ముందే చెప్పండి. ఇంట్లో కుళాయి నీళ్లలో ఉప్పు కలిపి మాత్రం ఎవరి ముక్కులోనూ పోయకండి. మెదడు తినే అమీబా అని పేపర్లలో వచ్చే నేగ్లేరియా ఫౌలెరి మంచినీటిలో బతుకుతుంది, శరీరంలోకి వెళ్లే దారి ముక్కే. కేరళలో 2024, 2025లలో వచ్చిన కేసుల తర్వాత ఏ నైతిక కమిటీ అయినా ఈ ప్రశ్న అడుగుతుంది, అడగాలి కూడా.

ఒక్కో గుంపులో 20 మంది ఉంటే మంచిది. అంతమంది దొరక్కపోతే మూడో గుంపును వదులుకోండి, రెండో గుంపును వదులుకోవద్దు. ఒక రోజంతా డైవర్లే, ఇంకో రోజంతా పడవవాళ్లే అన్నట్టు కాకుండా ప్రతి ట్రిప్పులోనూ అన్ని గుంపులవాళ్లూ ఉండేలా చూడండి. సముద్రం రోజుకో తీరుగా ఉంటుంది.

3. అనుమతులు, ఎవరిని తీసుకోవాలి

మనుషుల నుంచి నమూనా తీస్తున్నారు కాబట్టి మీ సంస్థ నైతిక కమిటీ అనుమతి తప్పనిసరి. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాల ప్రకారం సమ్మతి పత్రం వాళ్లకు అర్థమయ్యే భాషలో ఉండాలి. తెలుగు, హిందీ, ఇంగ్లిష్ మూడూ సిద్ధం చేసుకోండి. 18 ఏళ్లలోపువాళ్లను వదిలేయండి. ఎవరినీ అధ్యయనం కోసమని డైవ్ చేయించకండి. ఎలాగూ డైవ్‌కు వచ్చినవాళ్లనే అడగండి.

వీళ్లను తీసుకోకూడదు: గత నెల రోజుల్లో యాంటీబయాటిక్ వాడినవాళ్లు, రెండు వారాల్లో జలుబు చేసినవాళ్లు, ముక్కులో స్టెరాయిడ్ గానీ దిబ్బడ స్ప్రే గానీ కొట్టుకునేవాళ్లు, వారంలోపు సముద్రంలోనో ఈతకొలనులోనో దిగినవాళ్లు. మన దగ్గర అడగాల్సిన ప్రశ్నలు ఇంకో మూడున్నాయి, విదేశీ ప్రశ్నావళుల్లో ఇవి ఉండవు: జలనేతి చేస్తారా, అణుతైలం లాంటి నూనె చుక్కలు వేసుకుంటారా, ముక్కుపొడి పీలుస్తారా. నూనె పొర ఉంటే స్వాబ్ సరిగా తడవదు, అంకెలు పడిపోతాయి. ఆస్పత్రిలో పనిచేసేవాళ్లను తీసుకోవచ్చు గానీ ఆ సంగతి రాసుకోండి.

జలుబుతో వచ్చి "ఏం పర్లేదు, దిగుతా" అనేవాళ్లు ప్రతి పడవలోనూ ఉంటారు. వాళ్లను మీ అధ్యయనంలోంచి తీసేయడంతో సరిపోదు, బోధకుడికి చెప్పండి. దిబ్బడ స్ప్రే కొట్టుకుని దిగితే దాని ప్రభావం లోతులో ఉండగానే తగ్గిపోవచ్చు. పైకొచ్చేటప్పుడు సైనస్‌లోని గాలి వ్యాకోచించి, బయటికి దారిలేక నొప్పి, రక్తం వస్తాయి.

4. ఎప్పుడెప్పుడు స్వాబ్ తీయాలి

ఐదుసార్లు. వారం ముందు ఒకసారి, డైవ్ రోజు మాస్క్ ముఖానికి తగలకముందు, పైకొచ్చి మాస్క్ తీసిన 15 నిమిషాల్లోపు, 24 గంటలకు, 72 గంటలకు.

వారం ముందు నమూనా ఎందుకంటే, ఆరియస్ కొందరి ముక్కులో ఎప్పుడూ ఉంటుంది, కొందరిలో వస్తూ పోతూ ఉంటుంది. వారం తేడాతో తీసిన రెండు నమూనాల్లోనూ ఉంటేనే అది స్థిరంగా ఉన్నట్టు లెక్క. రెండోరకం మనిషిలో డైవ్ తర్వాత ఆరియస్ కనిపించకపోతే అది డైవింగ్ వల్లేనని చెప్పలేరు.

మూడోసారి తీసేదే అసలు చిక్కు. పైకి తేలిన డైవర్ మొదట చేసే పని ముక్కు చీదడం, చేత్తో తుడుచుకోవడం. చీదితే మీ నమూనా సగం నీళ్లపాలు. దిగేముందు బ్రీఫింగ్‌లోనే చెప్పించండి, పడవ నిచ్చెన దగ్గర ఒక మనిషిని నిలబెట్టండి. అయినా చీదేస్తే స్వాబ్ తీయండి, కానీ పట్టికలో "చీదారు" అని గుర్తు పెట్టండి.

5. మాస్క్‌ను అదుపులో పెట్టండి

అద్దె మాస్క్‌లన్నీ ఒకే తొట్టిలో ముంచి తీసే అలవాటు చాలాచోట్ల ఉంది. అలాంటి తొట్టి ఒకరి బ్యాక్టీరియాను పదిమందికి పంచుతుంది. అధ్యయనంలో వాడే మాస్క్‌లను విడిగా పెట్టుకుని ఇలా చేయండి:

ముందు సబ్బునీళ్లతో, మెత్తటి బ్రష్‌తో ముక్కు సంచి మూలలు తోమండి. జిడ్డు ఉండగా క్రిమిసంహారకం పనిచేయదు. తర్వాత 5 శాతం బ్లీచ్ ద్రావణం 20 మిల్లీలీటర్లు ఒక లీటరు నీళ్లలో కలిపి 10 నిమిషాలు నానబెట్టండి. ఈ ద్రావణం ఏ రోజుకారోజు కలుపుకోవాలి, వేరే క్లీనర్లేవీ చేర్చకూడదు. కాచి చల్లార్చిన నీళ్లతో మూడుసార్లు కడిగి, నీడలో ఆరబెట్టి, శుభ్రమైన జిప్ కవర్‌లో పెట్టండి. బ్లీచ్ మిగిలిపోతే ముక్కు పొర మండుతుంది, పైగా మీ బ్యాక్టీరియాను అదే చంపేస్తుంది.

దిగేముందు ప్రతి మాస్క్ ముక్కు సంచి నుంచి ఒక స్వాబ్, తిరిగొచ్చాక ఒకటి తీయండి. ఈ చిన్న పని చాలామంది వదిలేస్తారు. ముక్కులో కొత్తగా కనిపించింది మాస్క్‌లోంచి వచ్చిందా, ముక్కులోంచే మాస్క్‌కు వెళ్లిందా అన్నది దీంతోనే తేలుతుంది.

అద్దం మసకబారకుండా లోపల ఉమ్మి రుద్దడం డైవర్ల అలవాటు. ఉమ్మిలో స్ట్రెప్టోకోకస్ కోట్లలో ఉంటుంది. దాన్ని తెచ్చి ముక్కు పక్కన పూసినట్టే. అధ్యయనంలో అందరికీ ఒకే బేబీ షాంపూ, రెండు చుక్కలు, రుద్ది కడిగేయడం. స్నార్కెల్ గుంపుకూ అంతే.

6. స్వాబ్ తీసే పద్ధతి

దూది స్వాబ్‌లు వద్దు. దూదిలోని కొవ్వు ఆమ్లాలు కొన్ని బ్యాక్టీరియాను పెరగనివ్వవు, పీల్చుకున్నదాన్ని పూర్తిగా వదలవు కూడా. నైలాన్ పోగులు నిలువుగా ఉండే ఫ్లాక్డ్ స్వాబ్, 1 మిల్లీలీటరు ద్రవ ఏమీస్ మీడియం (బ్యాక్టీరియాను ల్యాబ్‌కు చేరేదాకా బతికించి ఉంచే ద్రవం) ఉన్న ట్యూబ్‌తో కలిపి దొరుకుతుంది. అదే కొనండి.

ట్యూబ్ మీద కోడ్ ముందే రాయండి, తడిచేత్తో పడవలో రాయలేరు. ఆల్కహాల్‌కు చెరగని మార్కర్ వాడండి. చేతులు శుభ్రం చేసుకుని, గ్లౌజ్ మార్చుకుని, స్వాబ్ కొనను స్టెరైల్ 0.9 శాతం సెలైన్‌లో తడిపి, అదనపు తడిని గోడకు నొక్కి తీసేయండి. పొడి స్వాబ్ మంట పుట్టిస్తుంది, తక్కువ పట్టుకుంటుంది. మనిషిని కూర్చోబెట్టి తల కొద్దిగా వెనక్కి వాల్చమనండి. స్వాబ్‌ను 1 నుంచి 1.5 సెంటీమీటర్ల లోపలికి పెట్టి, ముక్కు దూలానికీ పక్క గోడకూ మెల్లగా ఆనించి ఐదు చుట్లు తిప్పండి. పది సెకన్లకు తక్కువ కాకూడదు. అదే స్వాబ్‌తో రెండో రంధ్రం కూడా. ట్యూబ్‌లో పెట్టి గీత దగ్గర విరిచి మూత బిగించండి. కోవిడ్ పరీక్షలా గొంతు వెనకదాకా పోనివ్వాల్సిన పనిలేదు, అది వేరే చోటు, వేరే బ్యాక్టీరియా.

అన్ని స్వాబ్‌లూ ఒకే మనిషి తీస్తే మేలు. ఒకరు గట్టిగా, ఒకరు పైపైన తిప్పితే పది రెట్లు తేడా వచ్చినా ఆశ్చర్యం లేదు. ఇద్దరు తప్పనిసరైతే ఇద్దరూ అన్ని గుంపులకూ తీయాలి.

ప్రతి ట్రిప్పులోనూ ఒక స్వాబ్‌ను కవర్ విప్పి, సెలైన్‌లో తడిపి, గాలిలో పది సెకన్లు ఊపి ట్యూబ్‌లో పెట్టండి. ముక్కుకు తగలని ఈ ఖాళీ స్వాబ్‌లో కాలనీలొస్తే మీ సెలైనో చేతులో కలుషితమైనట్టు.

మాస్క్ బిగుసుకుపోయి ముక్కులోంచి రక్తం వచ్చినవాళ్ల నమూనా తీయొచ్చు కానీ లెక్కలో విడిగా పెట్టండి. రక్తం బ్యాక్టీరియాకు ఇనుము అందించే మేత.

ట్యూబ్‌లను జెల్ ప్యాక్‌ల ఐస్ బాక్సులో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచండి. ట్యూబ్‌కూ ప్యాక్‌కూ మధ్య గుడ్డ వేయండి, గడ్డకడితే కణాలు చిట్లుతాయి. ఎండలో పడవ మీద మూత తీసిన బాక్స్ అరగంటలో వేడెక్కిపోతుంది, లోపల థర్మామీటర్ పెట్టండి. నాలుగు గంటల్లోపు ప్లేట్ చేయడం లక్ష్యం.

7. సముద్రం గురించి రాసుకోవాల్సినవి

డైవ్ కంప్యూటర్ నుంచి గరిష్ఠ లోతు, సమయం, నీటి ఉష్ణోగ్రత. డైవర్‌ను అడిగి మాస్క్‌లోంచి నీళ్లు ఎన్నిసార్లు ఊదేశారు, మాస్క్ పూర్తిగా నిండిందా అన్నది. ఈ చివరిది లోతుకంటే ముఖ్యమైన అంకె కావచ్చు. శిక్షణలో ఉన్నవాళ్లు మాస్క్ నింపి ఖాళీ చేయడం సాధన చేస్తారు కాబట్టి వాళ్ల ముక్కులోకి వెళ్లే నీరు అనుభవజ్ఞులకంటే చాలా ఎక్కువ.

ఉప్పదనాన్ని రిఫ్రాక్టోమీటర్‌తో (నీటిలో వెలుగు వంగే తీరును బట్టి ఉప్పు చెప్పే పరికరంతో) ప్రతి ట్రిప్పులో కొలవండి. బంగాళాఖాతంలో వానాకాలం తర్వాత నదుల వరదనీరు తీరం వెంబడి వచ్చి ఉప్పదనం బాగా తగ్గుతుంది. అక్టోబరు నమూనాలనూ మార్చి నమూనాలనూ ఒకే కుప్పలో వేయకండి. పెద్దవాన పడ్డాక మూడు రోజులు ఆగి వెళ్లండి. వాన ప్రభావాన్నే చూడాలనుకుంటే అది వేరే అధ్యయనం, దానికి డైవర్ల ఆరోగ్యం పణంగా పెట్టకూడదు.

నీటి నమూనా 500 మిల్లీలీటర్లు, స్టెరైల్ సీసాలో, ఉపరితలానికి ఒక అడుగు కింద మూత తీసి నింపాలి. 100 మిల్లీలీటర్లను 0.45 మైక్రాన్ల పొర గుండా వడకట్టి ఎంటిరోకోకస్ (మురుగు కలిసిందని చెప్పే పేగు బ్యాక్టీరియా) మీడియం మీద వేయండి. రుషికొండకు 2020లో వచ్చిన బ్లూ ఫ్లాగ్ (శుభ్రమైన బీచ్‌లకిచ్చే అంతర్జాతీయ) గుర్తింపులో ఎంటిరోకోకస్ పరిమితి 100 మిల్లీలీటర్లకు 100 కాలనీలు. అంతకుమించి వస్తే డైవింగ్ నడిపేవాళ్లకు ఆ రోజే చెప్పండి.

8. ల్యాబ్‌లో

ట్యూబ్‌ను వోర్టెక్స్ (ట్యూబ్‌ను గిరగిరా కదిపే యంత్రం) మీద 20 సెకన్లు తిప్పండి. అందులోంచి 100 మైక్రోలీటర్లు 900 మైక్రోలీటర్ల సెలైన్‌లో కలిపితే పదిరెట్లు పలచన. అలాగే వంద, వెయ్యి రెట్లు. ప్రతి దశలో టిప్ మార్చాలి. అసలు ద్రవంతోపాటు ఈ మూడు పలుచనల నుంచీ 100 మైక్రోలీటర్ల చొప్పున ప్లేట్ మీద పరచండి.

ఏ ప్లేట్లు: 5 శాతం గొర్రె రక్తం కలిపిన బ్లడ్ అగార్ మొత్తం లెక్కకు, 37 డిగ్రీల దగ్గర 48 గంటలు. సీఓటూ ఇంక్యుబేటర్ లేకపోతే కొవ్వొత్తి జార్ సరిపోతుంది. మ్యానిటాల్ సాల్ట్ అగార్ స్టఫైలోకోకస్‌కు, 48 గంటలు. సెట్రిమైడ్ అగార్ సూడోమోనాస్‌కు. టీసీబీఎస్ విబ్రియోకు, 24 గంటలు. జోబెల్ మెరైన్ అగార్ సముద్ర బ్యాక్టీరియాకు, 28 డిగ్రీల దగ్గర ఐదు రోజులు. కొరినిబ్యాక్టీరియం మీద ఆసక్తి ఉంటే బ్లడ్ అగార్‌లో 1 శాతం ట్వీన్ 80 కలిపిన ప్లేట్ ఒకటి చేర్చండి, కొవ్వు కావాల్సిన జాతులు దాని మీద బాగా వస్తాయి.

టీసీబీఎస్‌ను ఆటోక్లేవ్ చేయకూడదు, మరిగించి పోయాలంతే. కొత్తగా చేసేవాళ్లు అన్ని మీడియాలతోపాటు దీన్నీ 121 డిగ్రీల్లో పెట్టేస్తారు. మీడియం చెడిపోతుంది, తర్వాత ఏమీ పెరగకపోతే "విబ్రియో లేదు" అని రాసుకుంటారు. ప్రతి బ్యాచ్‌నూ తెలిసిన విబ్రియో స్ట్రెయిన్ గీసి పరీక్షించాకే వాడండి.

సెట్రిమైడ్ ఎందుకంటే, రోజుల తరబడి పీడన గదుల్లో ఉండి పనిచేసే సాచురేషన్ డైవర్లకు సూడోమోనాస్ ఎరూజినోసా వల్ల చెవి ఇన్ఫెక్షన్లు పాత సమస్య. వెచ్చగా చెమ్మగా ఉన్న గదే దానికి కారణం. వినోదం కోసం దిగేవాళ్లకు అంత ముప్పు లేకపోయినా, ఆరని మాస్క్‌లోనూ మౌత్‌పీస్‌లోనూ ఇదే బ్యాక్టీరియా జిగురు పొర కట్టుకుంటుంది.

30 నుంచి 300 కాలనీలున్న ప్లేట్‌ను లెక్కపెట్టండి. ఉదాహరణకు వంద రెట్ల పలుచన ప్లేట్‌లో 84 కాలనీలొస్తే 84 × 100 × 10 = 84,000. చివరి పది ఎందుకంటే మిల్లీలీటరులో పదో వంతే పరిచారు. ట్యూబ్‌లో ఉన్నది ఒక్క మిల్లీలీటరే కాబట్టి స్వాబ్‌కు 84,000 అని రాయొచ్చు.

9. ఏది ఏదో గుర్తించడం

మ్యానిటాల్ సాల్ట్ అగార్ మీద కాలనీ చుట్టూ పసుపు వస్తే ఆరియస్ కావచ్చు, గులాబీ రంగు అలాగే ఉంటే ఎపిడెర్మిడిస్ లాంటివి కావచ్చు. పసుపు చూసి అక్కడే ఆగిపోకండి, స్టఫైలోకోకస్ సాప్రోఫైటికస్ లాంటివి కూడా పసుపు చేస్తాయి. గ్రామ్ స్టెయిన్‌లో ఊదారంగు గుత్తులు, కెటలేస్‌లో బుడగలు, ఆపైన కుందేలు ప్లాస్మాతో ట్యూబ్ కోయాగ్యులేస్ (ప్లాస్మా గడ్డకడితే ఆరియస్). ఈ ట్యూబ్‌ను 37 డిగ్రీల దగ్గర 4 గంటలకు ఒకసారి చూడాలి, 24 గంటలకు మళ్లీ చూడాలి. కొన్ని స్ట్రెయిన్‌లు గడ్డ కట్టించి తర్వాత తామే కరిగించేస్తాయి. మర్నాడు మాత్రమే చూస్తే ఆరియస్‌ను కాదని రాస్తారు. కెటలేస్‌కు కాలనీని బ్లడ్ అగార్ నుంచి తీయకండి, ఎర్ర రక్తకణాల్లోనే కెటలేస్ ఉంటుంది, బుడగలు ఎలాగూ వస్తాయి.

టీసీబీఎస్ మీద పసుపు కాలనీ విబ్రియో ఆల్జినోలిటికస్ కావచ్చు, ఆకుపచ్చది పారాహీమోలిటికస్ కావచ్చు. కచ్చితంగా చెప్పాలంటే ఆస్పత్రి ల్యాబ్‌లో మాల్డీటాఫ్ (ప్రోటీన్లను బట్టి బ్యాక్టీరియాను గుర్తించే యంత్రం) మీద పెట్టించండి.

10. డీఎన్‌ఏ పరీక్ష చేయించేట్టయితే

దానికి రెండో స్వాబ్ విడిగా తీసి మైనస్ 80 డిగ్రీల్లో పెట్టండి. 16ఎస్ జన్యువులో (ఏ బ్యాక్టీరియానో తెలుసుకోవడానికి చదివే జన్యువు) వీ4 భాగం చౌక, అందరూ చేసేది. కానీ ముక్కుకు అది సరిపడదు: స్టఫైలోకోకస్ జాతులను విడదీయలేదు, దానికి మామూలుగా వాడే ప్రైమర్లు (ఆ భాగాన్ని పట్టుకునే చిన్న డీఎన్‌ఏ ముక్కలు) క్యూటిబ్యాక్టీరియంను సరిగా పట్టుకోవు. వీ1 నుంచి వీ3 అడగండి. ముక్కు స్వాబ్‌లో డీఎన్‌ఏ తక్కువ కాబట్టి కిట్‌లోని కలుషితమే ఫలితంగా కనిపించే ప్రమాదం ఉంది. ఖాళీ స్వాబ్‌నూ, ఖాళీ ఎక్స్‌ట్రాక్షన్‌నూ కూడా సీక్వెన్స్ చేయించాలి.

సీక్వెన్సింగ్ ఇచ్చేది శాతాలు. స్టఫైలోకోకస్ కొట్టుకుపోతే కొరినిబ్యాక్టీరియం ఒక్కటి కూడా పెరగకపోయినా దాని శాతం పెరుగుతుంది. క్యూపీసీఆర్‌తో (డీఎన్‌ఏ ఎంతుందో కొలిచే పరీక్షతో) మొత్తం బ్యాక్టీరియా కొలవకుండా "కొరినిబ్యాక్టీరియం పెరిగింది" అని రాయొద్దు. చచ్చిన కణాల డీఎన్‌ఏ కూడా లెక్కలోకి వస్తుందని గుర్తుంచుకోండి. ప్లేట్ కౌంట్‌ను పాతకాలపు పద్ధతని చిన్నచూపు చూడకపోవడానికి ఇవి చాలు.

11. లెక్క కట్టి, అర్థం చెప్పడం

అంకెలన్నీ 10 ఆధారంగా లాగరిథమ్‌లోకి మార్చండి. ఒక్కో మనిషికి "వెంటనే" నుంచి "ముందు" తీసేయండి. తేడా ఎంతో తెలుస్తుంది. ఆ తేడాలను గుంపుల మధ్య పోల్చండి. డైవర్లలో తగ్గుదలకు చిన్న పీ విలువ (తేడా యాదృచ్ఛికం కాదనే సూచన) వచ్చింది, పడవవాళ్లలో రాలేదు, కాబట్టి డైవింగే కారణం అనడం చాలా వ్యాసాల్లో కనిపించే తప్పు. రెండు గుంపులను నేరుగా పోలిస్తేనే ఆ మాట అనగలరు. రెండు గుంపులకు మాన్-విట్నీ, నాలుగింటికి క్రుస్కల్-వాలిస్ అనే గణాంక పరీక్షలు చాలు. ఒక్క కాలనీ కూడా రాని ప్లేట్‌కు సున్నా రాయలేరు, సున్నాకు లాగరిథమ్ లేదు. మీ పద్ధతిలో కనిపించగల కనీస అంకె స్వాబ్‌కు 10. దాని సగం, 5 రాసి, అలా రాశామని చెప్పండి.

డైవర్లలోనూ ఉప్పునీళ్ల గుంపులోనూ ఒకేలా తగ్గితే జరిగింది కడగడం. స్నార్కెల్ గుంపుకంటే డైవర్లలో ఎక్కువ తగ్గితే, మాస్క్ ఖాళీ చేసిన సంఖ్యతో సరిచూసి అప్పుడు లోతు గురించి మాట్లాడండి. సముద్ర బ్యాక్టీరియా "వెంటనే" నమూనాలో ఉండి మర్నాటికి పోతే అవి దారిన పోయేవి, కాపురం పెట్టినవి కావు. 72 గంటలకు కూడా ఉంటే అదే మీ అధ్యయనంలో పెద్ద వార్త, ఆ మనిషిని మళ్లీ పిలిచి వారానికి ఒకసారి చూడండి. పాత నివాసులు తిరిగొస్తాయా అన్నదీ చూడాల్సిందే. వెంట్రుకల కుదుళ్లలో దాక్కున్నవి స్వాబ్‌కూ అందవు, నీళ్లకూ అందవు, అక్కడి నుంచే మళ్లీ పరుచుకుంటాయి. ఈ నివాసులకు విలువ ఉంది. ముక్కులోనే ఉండే స్టఫైలోకోకస్ లుగ్డునెన్సిస్ తయారుచేసే పదార్థం ఆరియస్‌ను చంపుతుందని 2016లో జర్మనీలోని ట్యూబింగెన్ శాస్త్రవేత్తలు చూపించారు. అందుకే ముక్కులో బ్యాక్టీరియా తగ్గడాన్ని "శుభ్రపడింది" అని రాయకండి.

12. పాల్గొన్నవాళ్లకు ఏం చెప్పాలి

ఆరియస్ ఉందని తెలిసినవాళ్లు భయపడతారు. పదిమందిలో ఇద్దరు ముగ్గురికి ఉండేదేనని, ఇబ్బంది లేకపోతే మందు అక్కర్లేదని, ఏదైనా ఆపరేషన్ ముందుంటే సర్జన్‌కు ఈ సంగతి చెప్పాలని రాసివ్వండి. సొంతంగా యాంటీబయాటిక్ ఆయింట్‌మెంట్ కొని ముక్కులో పూసుకోవద్దని కూడా రాయండి. డైవ్ తర్వాత ఒకవైపే ముఖం నొప్పి, పచ్చటి చీమిడి, జ్వరం, చెవి నొప్పి ఉంటే ఈఎన్‌టీ డాక్టర్‌ను చూడమనండి, తగ్గేవరకు మళ్లీ దిగొద్దనండి. డైవ్ ముగిసిన చాలాసేపటికి వంగినప్పుడు ముక్కులోంచి నీళ్లు ధారగా కారడం మాత్రం మామూలే, సైనస్‌లో నిలిచిన సముద్రపు నీరు అది.

ప్లేట్లూ ట్యూబ్‌లూ ఆటోక్లేవ్ చేశాకే 2016 బయోమెడికల్ వేస్ట్ నిబంధనల ప్రకారం పంపాలి. 121 డిగ్రీల్లో 60 నిమిషాలు పెట్టండి, మీడియాకు వాడే 15 నిమిషాలు నిండిన చెత్త సంచికి చాలవు. ఆరియస్, విబ్రియో, సూడోమోనాస్ ఐసోలేట్‌లను 20 శాతం గ్లిజరాల్‌లో మైనస్ 80 దగ్గర రెండేసి ట్యూబ్‌లు దాచండి. మాస్క్ నుంచి వచ్చినవీ ముక్కు నుంచి వచ్చినవీ ఒకే స్ట్రెయినా అని ఎవరైనా తర్వాత స్పా టైపింగ్ (ఆరియస్‌లోని ఒక జన్యువును చదివి స్ట్రెయిన్‌లను విడదీసే పద్ధతి) చేసి చూడాలంటే అవే కావాలి. కోడ్‌నూ మనిషి పేరునూ కలిపే పట్టిక ఈ ఫ్రీజర్ గదిలో ఉండకూడదు, ప్రాజెక్టు గైడ్ దగ్గర తాళంలో ఉండాలి.